లెక్కల టీచరమ్మ జవాబులు: గీతకు చివర ఎక్కడ?

బళ్లు తెరిచిన నెల కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గీతల మీదే. ఆరో తరగతి పిల్ల దగ్గర్నుంచి గెట్టు (పొలం హద్దు) పంచాయితీలో ఉన్న రైతు దాకా అందరి గోలా ఒకటే. నేను వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాను. ముప్పై రెండేళ్లు సర్కారు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. గీత అనగానే ఇప్పటికీ మా నాయన మగ్గం మీద బిగిగా సాగిన పడుగే కళ్ల ముందుకొస్తుంది. కాబట్టి జవాబుల్లో అక్కడక్కడా మగ్గం చప్పుడు వినిపిస్తే సర్దుకోండి.

ప్రశ్న: టీచర్, సరళరేఖకు చివరలు ఉండవని మా సారు చెప్పారు. నేను స్కేలు పెట్టి గీస్తే రెండు చివరలూ కనిపిస్తున్నాయి. నేను గీసింది సరళరేఖ కాదా?
(ఆరో తరగతి విద్యార్థిని, పరకాల)

జవాబు: కాదు బిడ్డా. నువ్వు గీసింది రేఖాఖండం. మీ సారు చెప్పింది నిజమే, నీ కళ్లు చెప్పేదీ నిజమే. సరళరేఖ మొత్తాన్ని ఇప్పటిదాకా ఎవ్వరూ గీయలేదు, ఇక ముందు గీయలేరు కూడా. కాగితం అయిపోతుంది, పెన్సిల్ అరిగిపోతుంది, ఈలోగా బెల్లు కొట్టేస్తారు.

అందుకని లెక్కల వాళ్లు ఒక ఒప్పందం చేసుకున్నారు. చిన్న ముక్క గీసి రెండు కొసలకూ బాణం గుర్తులు పెడితే, 'ఇది రెండు వైపులా ఇంకా పోతూనే ఉంది' అని అర్థం. అది సరళరేఖ. ఒక కొసకు చుక్క, ఇంకో కొసకు బాణం పెడితే కిరణం. చుక్క దగ్గర మొదలవుతుంది, బాణం వైపు ఎక్కడా ఆగదు. రెండు కొసలకూ చుక్కలే ఉంటే రేఖాఖండం. 'బాణమే కదా' అని వదిలేస్తే మార్కు పోయేది ఇందుకే. బాణం పోతే అర్థమే మారిపోతుంది.

మా ఇంట్లో మగ్గానికి ఈ కొసన ఒక కర్ర, ఆ కొసన ఒక కర్ర ఉండేవి. వాటి మధ్య పడుగు పోగు ఒక్కొక్కటీ తీగలా బిగిసి ఉండేది. వేలితో మీటితే మోగేది. ఆ పోగు రేఖాఖండం. ఇప్పుడు ఆ కొసన ఉన్న కర్రను మనసులోనే తీసెయ్యి. పోగు అదే బిగితో గోడ దాటి, హన్మకొండ దాటి, కాజీపేట దాటి పోతూనే ఉందనుకో. అది కిరణం. ఈ కొసన ఉన్న కర్రనూ తీసేస్తే ఇటు కూడా అట్లాగే పోతుంది. అది సరళరేఖ. చిన్నప్పుడు ఈ ఆట నేను మగ్గం కింద పడుకుని ఆడేదాన్ని. మా నాయనేమో పిల్లకు జ్వరమొచ్చిందేమో అనుకునేవాడు.

ఇంకొక్క మాట. స్కేలుతో కొలవగలిగేది ఈ మూడింట్లో రేఖాఖండం ఒక్కటే. 'ఎనిమిది సెంటీమీటర్ల సరళరేఖ గీయుము' అని ప్రశ్నపత్రాల్లో ఇవ్వడం నేనే చూశాను. అట్లాంటి ప్రశ్న వస్తే బుద్ధిగా రేఖాఖండం గీసి మార్కు తెచ్చుకో. పరీక్ష హాల్లో వాదన పెట్టుకోకు.

ప్రశ్న: టార్చిలైటు వెలుగు కిరణమా, రేఖాఖండమా? నాకూ మా తమ్ముడికీ పందెం.
(ఎనిమిదో తరగతి విద్యార్థి, మంథని)

జవాబు: గోడ మీదికి కొడితే బల్బు దగ్గర మొదలై గోడ దగ్గర ఆగిపోయింది. రెండు కొసలూ దొరికాయి కాబట్టి రేఖాఖండం లాంటిది. మబ్బుల్లేని రాత్రి ఆకాశంలోకి కొడితే కిరణానికి దగ్గరగా వస్తుంది. పైగా టార్చిలోంచి వచ్చేది ఒక్క గీత కాదు, విచ్చుకుంటూ పోయే గీతల కట్ట. సూర్యకిరణం అంటామా, అది సుమారు 8 నిమిషాల 20 సెకన్లు ప్రయాణం చేసి వచ్చి మీ డాబా మీద ఆగింది. జ్యామితి లెక్కన దానికీ రెండు కొసలున్నట్టే. పందెం ఎవరూ గెలవలేదు. ఆ డబ్బులతో ఇద్దరూ మిర్చి బజ్జీలు తినండి.

ప్రశ్న: మేడం, నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. ఒక మాక్ టెస్టులో 'ఎ, బి, సి ఒకే సరళరేఖపై వరుసగా ఉన్న మూడు బిందువులు. ఏర్పడే కిరణాలు ఎన్ని?' అని అడిగారు. నేను 6 పెట్టాను. కీలో 4 ఉంది. మా ఫ్రెండ్ 2 అంటోంది. ఇంత చిన్న ప్రశ్న దగ్గరే ఇట్లా అయితే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది.
(డీఎస్సీ అభ్యర్థిని, జనగామ)

జవాబు: టెన్షన్ ఎందుకమ్మా, ఇది చిన్న ప్రశ్నేం కాదు. ముందు నువ్వు 6 ఎట్లా తెచ్చావో చెప్పు. ఆరు రెండు దారుల్లో వస్తుంది. ఒక దారి తప్పు, ఒక దారి ఒప్పు.

ఎబి, ఎసి, బిఎ, బిసి, సిఎ, సిబి అని పేర్లు రాసుకుని లెక్కపెట్టావనుకో, అది తప్పు. నువ్వు లెక్కపెట్టింది పేర్లను. కిరణానికి గుర్తింపు రెండింటితోనే వస్తుంది: ఎక్కడ మొదలైంది, ఎటు పోతోంది. ఎ దగ్గర మొదలై బి వైపు పోయే కిరణమే ముందుకు పోయి సి మీదుగా కూడా వెళ్తుంది. అంటే ఎబి కిరణం, ఎసి కిరణం రెండూ ఒకటే. అట్లాగే సిబి, సిఎ ఒకటే. బి దగ్గర మాత్రం బిఎ ఒకవైపు, బిసి ఇంకోవైపు. మొత్తం నాలుగు. కీ చెప్పింది ఇదే.

ఇప్పుడు రెండో దారి. ఎ దగ్గర నిలబడి బి వైపు వీపు పెట్టు. ఆ వైపు కూడా ఒక కిరణం పోతోంది కదా? దాని మీద మనం అక్షరం పెట్టలేదు కాబట్టి పేరు లేదు. పేరు లేనంత మాత్రాన అది లేకుండా పోదు. సి దగ్గర కూడా అట్లాంటిదే ఇంకొకటి ఉంది. నాలుగు, రెండు కలిపి ఆరు. నువ్వు ఇట్లా ఆలోచించి 6 పెట్టి ఉంటే తప్పు నీది కాదు, ప్రశ్నది. 'ఇచ్చిన అక్షరాలతో పేరు పెట్టగలిగే వేర్వేరు కిరణాలు' అని అడిగి ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. పరీక్షలో ఈ మాటలేవీ లేకుండా వచ్చి, ఆప్షన్లలో 4, 6 రెండూ ఉంటే 4 పెట్టు. ప్రశ్న తయారుచేసేవాళ్లు మామూలుగా పేరున్నవాటినే లెక్కలోకి తీసుకుంటారు.

మీ ఫ్రెండ్ 2 అన్నదంటే గీతకు రెండు దిక్కులే ఉన్నాయి కాబట్టి రెండు కిరణాలే అనుకుని ఉంటుంది. మొదలయ్యే చోటు మారితే కిరణమే మారిపోతుందని చెప్పు. పనిలో పనిగా మిగతావీ చూసుకోండి. ఆ మూడు బిందువులతో రేఖాఖండాలు మూడు: ఎబి, బిసి, ఎసి. ఇక్కడ ఎబి అన్నా బిఎ అన్నా ఒకటే. సరళరేఖ ఒక్కటే, దాన్ని ఏ రెండక్షరాలతో పిలిచినా పలుకుతుంది. నాలుగు బిందువులైతే పేరున్న కిరణాలు 6, అన్నీ కలిపితే 8, రేఖాఖండాలు 6. ఎందుకో నువ్వే కూర్చుని గీసి చూడు, నేను చెప్తే నీకు గుర్తుండదు.

ఈ ఎబి, ఎసి సంగతిలో నేనే బోల్తా పడ్డాను. 1989లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో. క్వార్టర్లీ పేపర్లు దిద్దుతున్నాను. బొమ్మలో పి, క్యూ, ఆర్ వరుసగా ఉన్నాయి. జవాబు పిక్యూ కిరణం. ఒక అమ్మాయి పిఆర్ కిరణం అని రాసింది. ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశాను. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక ఆ పిల్ల స్టాఫ్ రూములోకి వచ్చింది. చేతిలో రెండు చీపురు పుల్లలు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. నా టేబుల్ మీద నా టిఫిన్ గిన్నె పక్కనే వాటి మొదళ్లు కలిపి, ఒకదాని మీద ఒకటి పెట్టింది. 'టీచర్, రెండూ ఇక్కడే మొదలైనయ్. రెండూ అటే పోతున్నయ్. మరి వేరే ఎట్ల అయితయ్?' అంది. నేను పప్పన్నం కలుపుతూ, 'పుస్తకంలో పిక్యూ అని ఉంది, పో' అన్నాను.

సాయంత్రం హన్మకొండ బస్టాండులో నిలబడ్డాను. కండక్టరు 'ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం' అని అరుస్తున్నాడు. ఒక ముసలాయన వచ్చి 'ఇది ములుగు బస్సేనా?' అని అడిగాడు. 'అవును, ఎక్కు తాతా' అన్నాడు కండక్టరు. ఆ వెనకే ఒకామె 'ఏటూరునాగారం పోతదా?' అంది. 'పోతది, ఎక్కు' అన్నాడు. అదే బస్సు, అదే దారి, పేర్లు రెండు. హన్మకొండలో బయల్దేరి ములుగు వైపు పోయేదే ఏటూరునాగారం వైపు పోయేది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. రోడ్డుకు మలుపులుంటాయి, కిరణానికి ఉండవు, అది వేరే సంగతి. తెల్లారి ఆ పేపరు అడిగి తీసుకుని, క్లాసు ముందే మార్కు వేశాను. ఆ అమ్మాయి ముఖంలో పెద్ద సంతోషమేం కనిపించలేదు. ఇది నిన్ననే చెప్పాను కదా అన్నట్టు చూసింది.

ప్రశ్న: 4 సెంటీమీటర్ల రేఖాఖండంలో ఎక్కువ బిందువులుంటాయా, 8 సెంటీమీటర్ల దాంట్లోనా?
(డిగ్రీ విద్యార్థి, కరీంనగర్)

జవాబు: రెండింట్లోనూ సమానమే. పెద్దదాన్ని కింద, చిన్నదాన్ని దానికి సమాంతరంగా పైన గీయండి. ఎడమ కొసలను కలుపుతూ ఒక గీత, కుడి కొసలను కలుపుతూ ఒక గీత గీసి పైకి పొడిగించండి. రెండూ ఒక చోట కలుస్తాయి. అక్కడి నుంచి కిందికి ఏ కిరణం వదిలినా చిన్నదాన్ని ఒక బిందువు దగ్గర, పెద్దదాన్ని ఒక బిందువు దగ్గర తాకుతుంది. దీనికో చుక్క, దానికో చుక్క, జోడీ కుదిరిపోయింది. ఒక్కటి కూడా మిగలదు. 19వ శతాబ్దంలో జర్మనీలో పనిచేసిన గియోర్గ్ కాంటర్ ఇట్లా జోడీలు కట్టే పద్ధతితోనే అనంతాలను పోల్చాడు. పొడవు వేరు, బిందువుల లెక్క వేరు. ఇది తొలిసారి విన్న రోజు నాకు కూడా అన్నం సహించలేదు.

ప్రశ్న: టీచరమ్మా, నాకూ పక్క చేను ఆయనకూ గెట్టు పంచాయితీ. రెండు కొసలకూ హద్దురాళ్లు సరిగ్గానే ఉన్నయి. నడుమ ఒడ్డు వంకర తిరిగింది. మధ్యలో మిట్ట ఉంది, ఈ రాయి కాడ నిలబడితే ఆ రాయి కనిపించదు. సక్కగా గీత ఎట్లా పట్టాలె?
(రైతు, నర్సంపేట దగ్గర)

జవాబు: అన్నా, రెండు బిందువుల మధ్య తిన్నని గీత ఒక్కటే ఉంటుంది. రెండోది ఉండదు. కాబట్టి రాళ్ల మీద ఇద్దరికీ పేచీ లేకపోతే గీత మీదా పేచీ ఉండకూడదు. కష్టమల్లా దాన్ని నేల మీద పట్టుకోవడంలోనే. దారం కడదామంటే అంత పొడవున మధ్యలో కుంగుతుంది, గాలికి ఊగుతుంది, మిట్టకు తగులుతుంది. చూపుతో పట్టడమే మేలు. చూపు తిన్నగానే పోతుంది.

మిట్ట లేకపోతే చాలా సులువు. ఒక్కో రాయి దగ్గర ఒక నిటారు కర్ర పాతి, మొదటి కర్రకు రెండు మూడు అడుగులు వెనక నిలబడి ఒక కన్ను మూసి చూడాలి. నడుమ మనిషి మూడో కర్ర పట్టుకుని అటూ ఇటూ జరుగుతాడు. ముందు కర్ర వెనక మిగతా రెండూ దాక్కున్నాయంటే మూడూ ఒకే గీత మీద ఉన్నట్టు. పిల్లల పుస్తకంలో సరేఖీయ బిందువులు అంటాం, అవి ఇవే.

మిట్ట ఉంది కాబట్టి ఇద్దరు మనుషులు కావాలి. చెరొక కర్ర పట్టుకుని మిట్టకు చెరొక వైపు నిలబడాలి. మీ రాయి వైపున్న మనిషికి ఎదుటి మనిషి కర్ర, దాని వెనక అవతలి రాయి కర్ర రెండూ కనిపించాలి. అవతలి మనిషికి ఈయన కర్ర, దాని వెనక మీ రాయి కర్ర కనిపించాలి. మొదట ఈయన చెయ్యి ఊపి, అవతలి మనిషిని అవతలి రాయికి సూటిగా వచ్చేదాకా జరుపుతాడు. తర్వాత ఆయన ఈయన్ను మీ రాయికి సూటిగా వచ్చేదాకా జరుపుతాడు. దాంతో ముందు కుదిరింది కొంచెం చెడుతుంది. మళ్లీ ఈయన వంతు, మళ్లీ ఆయన వంతు. ఒక్కో విడతకు జరిగే దూరం తగ్గుతూ, చివరికి ఇద్దరిలో ఎవరూ జరగాల్సిన పని లేకుండా పోతుంది. అప్పుడు నాలుగు కర్రలూ ఒకే గీత మీద ఉన్నట్టే. అక్కడ కడీలు పాతుకోండి. ఒక కర్ర మీరు, ఇంకో కర్ర పక్క చేను ఆయన పట్టుకుంటే ఇంకా మంచిది. ఒకరినొకరు జరుపుకుంటే తర్వాత మాట అనడానికి ఉండదు.

రెండు జాగ్రత్తలు. ముందుగా టిప్పన్ (సర్వేవాళ్లు గీసిన మీ చేను కొలతల పటం) చూడండి. నడుమ ఇంకో రాయి గుర్తు ఉంటే అక్కడ హద్దు మలుపు తిరిగిందని అర్థం. అప్పుడు మీ గెట్టు ఒక రేఖాఖండం కాదు, రెండు. ఇక పక్కా హద్దు కావాలంటే మండల సర్వేయర్‌తో కొలిపించుకోవాల్సిందే. ఈ పత్రిక పట్టుకుని పంచాయితీకి పోకండి. ఇంకో లెక్క కూడా చెప్తాను. 200 అడుగుల గెట్టు నడుమన 2 అడుగులు మీ వైపు ముక్కోణంలా పొడుచుకు వచ్చిందనుకుందాం. పోయేది 200 చదరపు అడుగులు, అంటే 22 చదరపు గజాల చిల్లర. గుంటకు 121 గజాలు. గుంటలో ఐదో వంతు కూడా కాదు. వకీలు దగ్గరికి బయల్దేరే ముందు మీ ఒడ్డు వంకర ఎంతో ఇట్లా ఒకసారి వేసుకోండి.

ప్రశ్న: కాజీపేట స్టేషన్ ఫుట్‌బ్రిడ్జి మీద నుంచి చూస్తే రైలు పట్టాలు దూరంగా కలిసిపోయినట్టు కనిపిస్తాయి. సమాంతర రేఖలు కలవవంటే మా బాబు నమ్మడం లేదు.
(ఒక తల్లి, కాజీపేట)

జవాబు: పట్టాల మధ్య ఎడం మన బ్రాడ్‌గేజ్ లైన్లలో 1676 మిల్లీమీటర్లు. దూరం పోయేకొద్దీ అంతే ఎడం మన కంటికి ఇంకా ఇంకా ఇరుకుగా కనిపిస్తుంది. కలవడం కంటిలోనే జరుగుతోంది. పట్టాలు నిజంగా కలిస్తే రైలు ఎట్లా పోతుందని అడగండి, సగం ఒప్పుకుంటాడు.

నాకైతే ఆ బ్రిడ్జి ఇంకో పాఠానికి బాగా పనికొస్తుందనిపిస్తోంది. మీరు పట్టుకుని నిలబడ్డ ఇనుప కమ్మీ పట్టాలకు అడ్డంగా, వాటి పైనుంచి పోతుంది. కమ్మీని రెండు వైపులా ఎంత పొడిగించినా కింద ఉన్న పట్టాను తాకదు. కలవవు కాబట్టి సమాంతరమేనా అని బాబును అడగండి. కాదు. సమాంతరం అనాలంటే రెండూ ఒకే తలంలో, అంటే ఒకే చదునైన పరుపు మీద ఉండాలి. ఇవి ఒకటి పైన, ఒకటి కింద, దిక్కులు వేరు. పుస్తకంలో 'ఒకే తలంలో' అన్న ఆ రెండు మాటలను పిల్లలు మింగేస్తుంటారు.

ఇంటికొచ్చాక నోట్‌బుక్‌లో రెండు చిన్న గీతలు గీయమనండి, కలవకుండా, కొంచెం ఏటవాలుగా. అవి సమాంతరమా అంటే చాలామంది అవుననేస్తారు. స్కేలు పెట్టి పొడిగిస్తే పేజీ అంచు దగ్గరో, పక్క పేజీలోనో ఢీకొంటాయి. రేఖాఖండాలు కలవలేదన్నంత మాత్రాన సరిపోదు. అవి ఏ సరళరేఖల ముక్కలో, ఆ రేఖలు కలవకూడదు.

ప్రశ్న: మా రోజుల్లో జ్యామితి అంటే యూక్లిడే. నా మనవరాలి పుస్తకంలో సరళరేఖకు అంతం లేదని ఉంది. యూక్లిడ్ కూడా ఇట్లాగే అన్నాడా?
(విశ్రాంత ఉద్యోగి, ఖిలా వరంగల్)

జవాబు: అనలేదండీ. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఆయన రాసింది చూస్తే, రేఖ అంటే వెడల్పు లేని పొడవు. ఆ వెంటనే, రేఖకు కొసలు బిందువులు అంటాడు. కొసలున్నాయంటే అది మనం ఇప్పుడు రేఖాఖండం అంటున్నదే. కావలసినప్పుడల్లా దాన్ని అదే దిక్కులో పొడిగించుకోవచ్చని వేరేగా ఒక స్వీకృతం (రుజువు అడగకుండా ఒప్పుకునే మాట) పెట్టుకున్నాడు. రెండు వైపులా ముందే పూర్తిగా పరుచుకుని ఉన్న గీత మీ మనవరాలి కాలానిది. యజ్ఞవేదికల కొలతలు చెప్పిన మన పాతకాలపు శుల్బసూత్రాల వాళ్లూ అంతే. శుల్బం అంటేనే తాడు. రెండు మేకులు కొట్టి తాడు బిగిస్తే గీత వచ్చేది. మా నాయన మగ్గానికీ దానికీ పెద్ద తేడా లేదు.

మీరు కోటలోనే ఉంటారు కాబట్టి ఒక పని చేయండి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలున్నాయి కదా. ఒకదాని కింద సరిగ్గా నడుమన మీరు, ఎదురు తోరణం కింద మీ మనవరాలు నిలబడండి. ఇంట్లో ఇంకెవరినైనా తీసుకెళ్లి మధ్యలో అడ్డంగా మెల్లగా నడిపించండి. నర్సంపేట రైతన్నకు చెప్పిన కిటుకే ఇదీ. ఏ అడుగు దగ్గర మనవరాలు కనిపించకుండా పోతుందో అక్కడ ఒక చిన్న రాయి పెట్టండి. మిగతా రెండు తోరణాలతోనూ ఇట్లాగే చేసి, రెండు గీతలూ ఎక్కడ కోసుకున్నాయో ఆ పిల్లనే వెతకమనండి. సాయంత్రం ఐదు దాటాక వెళ్తే ఎండ తగ్గుతుంది.